నాలుగో గంటు

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, ఏ తండ్రి అయినా తన బిడ్డ పెరగకూడదని కోరుకుంటాడా? నేను కోరుకున్నాను. నాలుగు నెలల పాటు, ప్రతి ఉదయం, మోకాళ్ల మీద ఉన్నప్పుడు కూడా అదే కోరుకున్నాను! ఆ చీకటిలోంచి నన్నూ నా బిడ్డనూ దేవుడు ఎలా బయటికి తెచ్చాడో చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఇందులో నా గొప్ప ఏమీ లేదు, సిగ్గు మాత్రం చాలా ఉంది, మహిమ అంతా ఆయనదే.

నేను చదివింది పదో తరగతి వరకే. ఒంగోలు వైపు నుంచి ఢిల్లీ వచ్చి ఒక బిల్డింగ్ కాంట్రాక్టరు దగ్గర పనికి కుదిరి, బేర్ సరాయ్ సందుల్లో పాత లెక్కల పుస్తకాలు కొనుక్కుని, పగలంతా సాకేత్‌లో లేస్తున్న ఫ్లాట్లలో గోడలు కొలుస్తూ, భోజనాల వేళ ఇటుకల మీద కూర్చుని లెక్కలు చేస్తూ నాకు నేనే నేర్చుకున్నాను. చివరికి ఇంజనీరు బాబులు కూడా తమ కొలతలు ఒకసారి నాకు చూపించి వెళ్లేవారు. నేను కొలిచింది తప్పు కాదు అన్నది నా గర్వం. మనం ఎక్కడ గట్టిగా ఉన్నామనుకుంటామో శత్రువు అక్కడే తలుపు కొడతాడని అప్పుడు నాకు తెలియదు.

నా భార్య విమల ఒక నర్సింగ్ హోములో నర్సు. మాకు నలుగురు పిల్లలు. పెద్దవాడు దానియేలు, తరువాత గ్రేసు, ఆ తరువాత సామ్యేలు, చంటిది రూతు. గ్రేసుకు మూడేళ్లు నిండబోతుండగా బేర్ సరాయ్‌లోనే ఒక రెండు గదుల ఇంట్లోకి మారాము. రెండు గదుల మధ్య ఉన్న చెక్క ద్వారబంధానికి దట్టంగా ఆకుపచ్చ రంగు వేసి ఉండేది. పిల్లల పుట్టినరోజులకు పాస్టరు అయ్యగారినీ, సంఘంలో మూడు నాలుగు కుటుంబాలనూ పిలిచి కృతజ్ఞత కూడిక పెట్టుకోవడం మా అలవాటు. ప్రార్థన అయ్యాక బిడ్డను ఆ ద్వారబంధానికి ఆనించి నిలబెట్టి, తల మీద స్కేలు పెట్టి పెన్సిల్‌తో గీత గీసేవాణ్ణి.

ఆ ఇంట్లో మొదటి ఫిబ్రవరిలో గ్రేసు మూడో పుట్టినరోజున గీత గీస్తుంటే పెన్సిల్ మొన రంగు కింద ఉన్న ఒక సన్నటి పల్లంలోకి జారింది. తొంభై అయిదు సెంటీమీటర్లు. చెక్కలో లోపం అనుకున్నాను. మరుసటి ఏడాది నూట రెండు సెంటీమీటర్ల దగ్గర పెన్సిల్ మళ్లీ జారింది. అయిదో పుట్టినరోజున, నూట ఎనిమిది దగ్గర, మూడోసారి జారింది! దానియేలు గీతల కింద గాని, సామ్యేలు గీతల కింద గాని ఏ పల్లమూ లేదు, వేలితో తడిమి చూశాను.

విమలతో చెబితే నవ్వింది. "మనకంటే ముందున్నవాళ్లు వాళ్ల పిల్లకి గీసుకుని ఉంటారు లెండి. పిల్లలందరూ ఇంచుమించు ఒకేలా పెరుగుతారు. మీకు సైటులో కొలిచింది చాలదా?"

ఆ ఆదివారం మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుండగా బ్లేడుతో రంగు గీకాను. కత్తితో కోసిన గంట్లు నాలుగు కనిపించాయి, నాలుగూ ఒకే చేతివి, శుభ్రంగా, అడ్డంగా. మొదటి మూడూ నా పెన్సిల్ గీతల కిందే, వెంట్రుక తేడా లేకుండా ఉన్నాయి. నాలుగోది నూట పదమూడున్నర దగ్గర ఉంది. స్టూలు వేసుకుని పైదాకా గీకాను, సహోదరులారా, ద్వారబంధం చివరి వరకూ వట్టి చెక్కే! ఆ బిడ్డ ఎవరో అక్కడి వరకే పెరిగింది. ఆ తరువాత ఆమెను ఎవరూ నిలబెట్టలేదు.

మర్నాడు ఇంటి యజమానురాలిని అడిగాను. ఆమెకు నోరు పెద్దది, పాలవాడి దగ్గర నుంచి పార్లమెంటు దాకా అన్నీ మాట్లాడుతుంది. ఆ రోజు మాత్రం నా వైపు చూడకుండా బియ్యంలో రాళ్లు ఏరుతూ, "థా ఏక్ పరివార్, బహుత్ పహలే. ఛోడో నా భయ్యా," అని, ఎప్పుడో ఒక కుటుంబం ఉండేదిలే వదిలేయమని, పళ్లెం తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

అప్పుడు నేను చేయకూడని పని చేశాను. ప్రార్థించలేదు, లెక్క వేశాను! అయిదో ఏటి నుంచి ఆరో ఏటికి పిల్ల అయిదున్నర సెంటీమీటర్లు పెరగాలి, అంటే నెలకు అర సెంటీమీటరుకు కొంచెం తక్కువ, అంటే సరిగ్గా వచ్చే ఫిబ్రవరికి, ఆరో పుట్టినరోజుకు, నా గ్రేసు తల నాలుగో గంటు దగ్గరికి వస్తుంది. లెక్కలో తప్పు లేదు. మూడుసార్లు సరిచూశాను. గంట్లు కనపడకుండా ఆకుపచ్చ రంగు తెచ్చి మళ్లీ పూశాను, ఎవరికీ చెప్పలేదు. ప్రతి ఆదివారం ఆరాధనకు వెళ్లేముందు గ్రేసుకు జడ వేస్తున్నట్టు దగ్గరికి తీసుకుని టేపుతో కొలిచేవాణ్ణి. పిల్ల నా లెక్క ప్రకారమే పెరుగుతోంది. ఆరాధనలో పాటలు పాడుతూనే ఇంకా ఎంత మిగిలిందో లెక్క కట్టుకునేవాణ్ణి.

ఆ సెప్టెంబరులో ఒక రోజు పనినుంచి వచ్చేసరికి గ్రేసు ఆ ద్వారబంధానికి ఆనుకుని, మడమలు చెక్కకు తగిలించి, కొలతకు నిలబడినట్టు బిగుసుకుని నిలబడి ఉంది. ఎవరూ నిలబెట్టలేదు. చెయ్యి తల మీదుగా పైకి చాపి, కొత్త రంగు మీద ఒకచోట వేలు పెట్టి, "పాపా, యహా తక్ నా?" అంది. ఇక్కడి దాకానే కదా అని! ఆ వేలు నాలుగో గంటు మీద ఉంది. రంగు పూశాక అక్కడ గంటు ఉందని ఆ ఇంట్లో నాకు తప్ప ఎవరికీ తెలియదు. అది నవ్వి ఆడుకోవడానికి వెళ్లిపోయింది. ఈ సంగతికి నాకు నేటికీ లెక్క దొరకలేదు, దొరికించుకోవాలని కూడా లేదు.

విమలకు ఉదయం డ్యూటీ, ఆరింటికే చార్టర్డ్ బస్సు ఎక్కేది. పిల్లలకు పాలు కాచి పోసేది నేను. అక్టోబరు మొదట్లో ఒక ఉదయం గ్రేసు గ్లాసులో సగం పాలు తీసి దానియేలుకూ సామ్యేలుకూ పంచి, ఆ సగం నీళ్లతో నింపాను. గుడ్డు కూడా సామ్యేలుకు పెట్టాను, ఆ రోజు నుంచి రోజూ అంతే చేశాను. పిల్ల పెరగకపోతే గంటును చేరదు, చేరకపోతే బతుకుతుంది! నా లెక్క అది. నన్ను పిచ్చివాడు అనుకోకండి, నేను పనికి వెళ్లేవాణ్ణి, గోడలు సరిగ్గానే కొలిచేవాణ్ణి, సంఘంలో కానుకల సంచి పట్టేవాణ్ణి. దానియేలు మాత్రం ఒకసారి, "పాపా, గ్రేసు కా దూధ్ సఫేద్ క్యో నహీ హై?" అని, గ్రేసు పాలు తెల్లగా ఎందుకు లేవని అడిగాడు. నోరు మూసుకుని తాగమన్నాను. పిల్ల పాలు తాగుతోందా అని విమల అడిగితే తాగుతోందనే చెప్పేవాణ్ణి.

నవంబరు మధ్య నుంచి టేపు నూట పన్నెండు దగ్గర ఆగిపోయింది. రెండు నెలలు కదలలేదు. నేను సంతోషించాను. సహోదరులారా, బిడ్డ కాళ్లు పుల్లల్లా అవుతుంటే, కళ్ల కింద నలుపు దిగుతుంటే, నేను టేపు చూసి స్తోత్రం చెప్పాను!

జనవరిలో గ్రేసు స్కూలు ప్రార్థన వరుసలో కళ్లు తిరిగి పడిపోయింది. ఒళ్లు కాలిపోతూ ఇంటికి తెచ్చారు. విమల డాక్టరుకు చూపిస్తే ఆయన పిల్ల చెయ్యి పట్టుకుని, "మీ ఇంట్లో తిండి లేదా?" అని విమలనే అడిగాడట, తానే ఒక నర్సు అయి ఉండి ఆమె ఆ మాటకు తల దించుకుని వచ్చింది. నేను అప్పుడు కూడా నోరు తెరవలేదు.

మర్నాడు పొగమంచు. ఎదుటి ఇంటి గోడ కూడా కనపడనంత తెల్లగా ఉంది, బస్సు రాలేదు, విమల వెనక్కి వచ్చింది. తలుపు చప్పుడు నాకు వినపడలేదు. జ్వరంలో ఉన్న బిడ్డ గ్లాసులో నేను చెంబుతో నీళ్లు పోస్తుంటే వంటింటి గుమ్మంలో నిలబడి చూసింది.

"ఏంటండీ అది?"

చెప్పాను. గంట్లు, సెంటీమీటర్లు, ఫిబ్రవరి, అన్నీ చెప్పాను. ఆమె అరుస్తుందనుకున్నాను. అరవలేదు. పక్క గదిలో పిల్ల మూలుగుతోంది.

"మీరు లెక్కల మనిషి కదా," అంది. "ఎన్ని గ్లాసులు? చెప్పండి. నా బిడ్డ ఎన్ని గ్లాసుల పాలు తాగలేదో లెక్క కట్టి చెప్పండి."

రోజుకు సగం గ్లాసు, దాదాపు నూట ఇరవై రోజులు. "అరవై," అన్నాను.

"పాలు తగ్గిస్తే ఎత్తొక్కటే ఆగదండీ. ప్రాణం ఆగుతుంది," అని నా చేతిలోని గ్లాసు తీసి తూములో పారబోసింది.

నేను ఆ వంటింటి నేల మీదే మోకరించాను. ఇరవై ఏళ్లుగా ఎన్నో ప్రార్థనలు చేశాను గాని అది మొదటి ప్రార్థన అనిపించింది. "ప్రభువా, నేను కొలిచాను, నేనే తగ్గించాను. గంటుకు భయపడి బిడ్డను చంపుకుంటున్నాను. ఇక నా దగ్గర ఏ కొలతా లేదు. బిడ్డ నీది, ఎంతవరకు పెంచుతావో నీ ఇష్టం, కాని పెంచు, ప్రభువా, పెంచు!"

టేపు తీసి విమల చేతిలో పెట్టాను. ఆమె దాన్ని ఎక్కడ పెట్టిందో నేను అడగలేదు. విమల ఎస్టీడీ బూత్ నుంచి ఊరికి ఫోన్ చేసి వాళ్లమ్మను ఉపవాసం ఉండమంది. సాయంత్రం అయ్యగారు, ఇద్దరు సహోదరీలు వచ్చారు. వాళ్ల ముందు రంగు గీకి గంట్లు చూపించి అంతా ఒప్పుకున్నాను, ఇల్లు మారిపోతానన్నాను. అయ్యగారు గంట్లను వేలితో తడిమి చూశారు. "మారొద్దు," అన్నారు. "మారితే మీ భయం కూడా సామాన్లతో పాటే లారీ ఎక్కి వస్తుంది." తరువాత, చింతించి ఎవడు తన ఎత్తును మూరెడు పెంచుకోగలడని ప్రభువు అడిగిన మాట చదివారు, అది మీకందరికీ తెలుసు. ఎత్తు పెంచుకోవాలని చింతించేవాళ్లకు చెప్పిన మాట అది, తగ్గించాలని చూసినవాణ్ణి నేనొక్కణ్ణేనేమో!

జ్వరం తొమ్మిది రోజులు తగ్గలేదు. విమల సెలవు పెట్టి మందులూ ఇంజెక్షన్లూ తానే చూసుకుంది, నేను పక్కన కూర్చుని గంటగంటకూ చెంచాతో పాలు పట్టాను. పదో రోజు ఉదయం బిడ్డ ఒళ్లు చెమట పట్టి చల్లబడింది. కళ్లు తెరిచి, "పాపా, దూధ్," అంది! గ్లాసు అంచు దాకా పోసి తెచ్చాను, కొంచెం దుప్పటి మీద కూడా ఒలికింది. బిడ్డ ఆ గ్లాసు చూసి, "ఇత్నా సారా? ఇస్ మే భయ్యా కా భీ హై?" అని అడిగింది. ఇన్ని పాలా, అన్నయ్య పాలు కూడా ఇందులోనే ఉన్నాయా అని! సహోదరులారా, ఆ ప్రశ్న కంటే గట్టి ప్రసంగం నేను ఏ సభలోనూ వినలేదు.

ఫిబ్రవరిలో కృతజ్ఞత కూడిక జరిగింది. కొలవలేదు. ఆ రోజు నుంచి ఎవరినీ కొలవలేదు. గంట్ల బిడ్డ ఎవరో, ఏమైందో నేటికీ మాకు తెలియదు, కుటుంబ ప్రార్థనలో ఆమెను కూడా తలచుకుంటాము.

మే నెల సెలవుల్లో ఒక మధ్యాహ్నం గ్రేసు ఆ ద్వారబంధానికి ఆనుకుని మామిడి టెంక చీకుతూ తమ్ముడితో పోట్లాడుతోంది. యథాలాపంగా చూశాను. నాలుగో గంటు దాని తల పక్కన, నడినెత్తికి రెండు వేళ్ల కిందికి ఉంది. దాటేసింది! ఎప్పుడు దాటిందో, మార్చిలోనో ఏప్రిల్లోనో, ఏ రోజో, నాకు తెలియదు. నా జీవితంలో అంత ముఖ్యమైన రోజు ఒకటి నాకు తెలియకుండా జరిగిపోయింది, ఆ రోజు నేను సాకేత్‌లో ఏదో గోడ కొలుస్తూ ఉండి ఉంటాను. నేను చూడనప్పుడు ఆయన చూశాడు! నాకు కలిగిన విడుదల ఇదే.

ఇది చదువుతున్న తండ్రీ, తల్లీ, నీ బిడ్డ మీద నీకు నువ్వే ఏదో ఒక గడువు వేసుకుని, దాన్ని ఎవరికీ చెప్పకుండా లోపల మోస్తున్నావేమో. ముందు నీ ఇంట్లోవాళ్లకు చెప్పు, ఈ రోజే చెప్పు, తరువాత ఆయన పాదాల దగ్గర పెట్టు. నావంటివాణ్ణి త్రోసివేయనివాడు నిన్నూ త్రోసివేయడు, నమ్మి చూడు!

ఇక ఉంటాను. గ్రేసుకు ఇప్పుడు తొమ్మిదేళ్లు. స్కూలు బూట్లు మళ్లీ బిగుతైపోయాయని, ఈ ఏడాదిలో ఇది రెండోసారి, ఒక కాలికి బూటుతో గుమ్మంలో నిలబడి గోల చేస్తోంది. బజారుకు వెళ్లాలి. ఆయనకే స్తోత్రం!