ఉప్పాడలో నిండుకున్న డిస్కు

2004. రాజమండ్రిలో నాకు కంప్యూటర్ సర్వీసు షాపు ఉండేది. ఉప్పాడలో జాందానీ చీరలకు డిజైన్లు గీసే సత్యవతిగారికి సాఫ్ట్‌వేర్ రెయిడ్ పెట్టిచ్చింది నేనే. అంటే ఒకే ఫైలును రెండు డిస్కుల్లో రాయించడం. ఒకటి మొరాయిస్తే రెండోది ఆదుకుంటుంది. వాళ్ల నాన్నగారు గ్రాఫు కాగితాల మీద గీసిన డిజైన్లన్నీ స్కాన్ చేసి అందులో దాచుకున్నారు. ఆ తర్వాత వచ్చిన తుఫానుకి సముద్రం వెనక గదిని కాగితాలతో సహా పట్టుకుపోయింది. ఇక ఉన్నవి ఆ ఫైళ్లే.

ఒక శుక్రవారం ఆవిడ ఫోన్ చేశారు.

"ఒక డిస్కు నిండుకుందండి."

"అక్కర్లేని ఫైళ్లు కొన్ని తీసేయండి, సరిపోతుంది" అని పెట్టేశాను.

పది రోజులకి మిషను మొండికేసింది. వెళ్లి చూస్తే ఒక డిస్కుని, ఆ మిషన్ని నడిపే లైనక్స్ ఎప్పుడో పక్కన పెట్టేసింది. "నిండుకుందన్నారు, సగం ఖాళీగానే ఉందేంటండి?" అన్నాను.

"శుక్రవారం పూట పోయిందని ఎలా అంటామండి?" అన్నారావిడ.

నాకు తల తీసేసినట్టయింది. బియ్యం అయిపోతే మా అమ్మా 'నిండుకున్నాయి' అనే అనేది. గోదావరి నీళ్లు తాగి పెరిగిన నాకు కంప్యూటర్ అనేసరికి తెలుగు అర్థం కాలేదు.

కొత్త డిస్కు పెట్టి కాపీ మొదలెడితే, మిగిలిన డిస్కు కూడా సగంలో రీడ్ ఎర్రర్ ఇచ్చి ఆగిపోయింది. ఆవిడ ముఖం పాలిపోయింది.

"కంగారు పడకండి. మీ గ్రాఫులో గడుల్లాగే డిస్కులో సెక్టార్లుంటాయి. కొన్ని గడులు చదవలేకపోయిందంతే. నాన్నగారి ఫైళ్లు ఈమధ్య మార్చారా?"

"ముట్టుకోలేదండి."

అయితే పని అవుతుంది, పక్కన పెట్టేసిన డిస్కులోనూ అవి అలాగే ఉంటాయి. అప్పటి లైనక్స్‌కి ముక్కు మీద కోపం, ఒక్క రీడ్ ఎర్రర్‌కే డిస్కుని వెలేసేది. వెలేసినంత మాత్రాన అది చచ్చినట్టు కాదు. మిగిలిన డిస్కులో చదవగలిగినదంతా కొత్తదానిలోకి తీసి, అది చదవలేని గడుల్ని వెలేసిన డిస్కులోంచి తెచ్చి అతికించాను. సాయంత్రానికి ఫైళ్లన్నీ తెరుచుకున్నాయి. ఒక్క మామిడిపిందె డిజైనులో మాత్రం కుడివైపు నాలుగు వరసలు రెండు డిస్కుల్లోనూ చెడ్డాయి.

"ఇవి నా వల్ల కాదండి" అన్నాను.

ఆవిడ కుర్చీ జరుపుకుని ఆ గడుల్ని ఒక్కొక్కటీ నింపేశారు. ఎక్కడా తడుముకోలేదు.

"మగ్గం మీద నాన్న ఎడమవైపు కూర్చునేవారండి. ఈ వైపు నేసేది నేనే."

నాకు కళ్లు చెమర్చాయి. అప్పటి నుంచి ఏ డిస్కు పని మీద వెళ్లినా, స్క్రూడ్రైవర్ తీసే ముందు ఆ ఇంటివాళ్లని కూర్చోబెట్టి మాట్లాడిస్తాను.