రింగు మీద కొత్త గీత

టైరు లోపలి అంచు మీద మేస్త్రీ కొలబద్ద వేళ్ళు రెండోసారి పాకాయి. బయటివైపు గాట్లు కొత్తవాటిలా ఉన్నాయి. లోపలివైపు రబ్బరు నున్నగా అరిగిపోయి, ఒకచోట తీగ వేలికి గుచ్చుకుంది. వేళ్ళు ముందుకు జరిపితే మెత్తగా, వెనక్కి జరిపితే రంపంలా తగిలింది. చక్రం తిన్నగా దొర్లడం లేదు, రోడ్డు మీద ఈడ్చుకుపోతోంది.

షెడ్డులో అందరూ అతన్ని కొలబద్ద అనే పిలుస్తారు. ఎత్తు మార్చే స్ప్రింగులు వేసిన ప్రతి కారుకూ ఒక చెక్కపుల్ల కోసి దాచుకుంటాడు. చక్రం నడిమధ్య నుంచి మడ్‌గార్డు అంచు దాకా ఆ పుల్ల సరిగ్గా పట్టాలి. ఎత్తు కుదిరాక, స్ప్రింగును మోసే మర రింగు మీద అడ్డంగా పసుపు రంగుతో గీత గీస్తాడు. రింగు తిరిగితే గీత విరుగుతుంది. ఈ కారు ఫోటో స్టూడియో ఆయనది. ఎత్తు ఏ కాస్త మారినా చక్రాల అలైన్‌మెంట్ మళ్ళీ చూడాలనీ, లేకపోతే టైర్లు లోపల్నుంచి అరిగిపోతాయనీ ఆయనకు మొదట్లోనే చెప్పాడు.

పొద్దున చక్రం విప్పకముందే పుల్ల పెట్టి చూస్తే పట్టలేదు. కారు వేలెడు మందం దిగింది. కింద దూరి టార్చి వేసి చూస్తే పసుపు గీత మాత్రం చెక్కుచెదరలేదు.

అంటే ఎవడో రింగు తిప్పి, గీత మళ్ళీ గీశాడు. గీత ఎందుకో తెలిసినవాడే ఆ పని చేస్తాడు. కొలబద్ద చూపు బోల్టులు కడుగుతున్న బావమరిది వీపు మీదికి పోయింది. రంగు డబ్బా ఎక్కడుంటుందో, రింగు తిప్పే కొక్కెం స్పానర్ ఏ మేకుకు వేలాడుతుందో తన తర్వాత వాడికే తెలుసు. పోయిన ఆదివారం ఆ స్పానర్ మేకుకు లేదు. అడిగితే కడగడానికి తీశానన్నాడు. పొద్దున చక్రం విప్పింది కూడా వాడే. విప్పినవాడు అప్పట్నుంచీ ఇటువైపు తొంగి చూడలేదు.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. పైగా ఈ దొంగ తన భార్యకు తమ్ముడు. తనకు తెలియకుండా చాటుగా డబ్బుకు ఈ పని చేశాడని తేలితే షెడ్డులో ఉంచుకోలేడు. పంపేస్తే సాయంత్రం ఆమె ముందు ఏ ముఖం పెట్టుకుని అన్నానికి కూర్చుంటాడు?

ఫోటో ఆయన అటూ ఇటూ తిరుగుతూ, తాను బానెట్ కూడా ఎత్తనని, ఇది మీ వాళ్ళ చేతి పనే అయ్యుంటుందని ఎవరూ అడక్కుండానే చెప్పుకుంటున్నాడు. బావమరిది స్పానర్ పట్టుకుని వచ్చాడు. కొలబద్ద వాడి చేతిలోంచి దాన్ని లాక్కున్నట్టే తీసుకున్నాడు.

"నేను చూసుకుంటాలే. నువ్వు బోల్టుల పని చూడు."

వాడి ముఖం మాడిపోయింది. అయినా కదల్లేదు.

కొలబద్ద గీతను గోటితో గీకాడు. అది పొరలా లేచి వచ్చేసింది. తన రంగు మరలోకి ఇంకిపోతుంది, గీకితే పొడి రాలుతుందే తప్ప పొర లేవదు. టార్చి పైకి తిప్పాడు. రింగుకు పైన మర గాడిలో పాత పసుపు కొంచెం మిగిలే ఉంది. ఎవరో తుడిచారు, గాడి లోపలికి గుడ్డ పోలేదు.

"చూశావట్రా ఇది?"

"పొద్దున్నే చూశా బావా. గీత కొత్తదని తెలుస్తూనే ఉంది."

"మరి నోరు మెదపలేదేం?"

"నువ్వే ఏదో తప్పు సర్దుకుని మళ్ళీ గీశావనుకున్నా. ఆయన ముందు నీ పరువు పోతుందని ఊరుకున్నా."

కొలబద్ద తాను వీణ్ణి చూసిన కంటితోనే వీడూ తనను చూశాడన్నమాట. ఊడొచ్చిన పొరను వేలి మీద పెట్టుకుని ఫోటో ఆయన దగ్గరికి నడిచాడు.

"ఇది గోళ్ళ రంగు సార్. స్ప్రింగుల పెట్టెలో ఒక స్పానర్ వచ్చింది, అదెక్కడుంది?"

"ఇంట్లోనే... ఉండాలి."

"దానికి జిడ్డంటిందా?"

ఆయన అరచేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు.

"స్నేహితుల కార్ల పక్కన నిలబెట్టి ఫోటో తీస్తే నాది బస్సులా కనబడింది మేస్త్రీ. ఇంకాస్త దిగితే పోలా అనుకున్నా. సీసా మా ఆవిడది, ఆమెకు మాత్రం చెప్పకండి."

బావమరిది నవ్వాపుకోలేక మొహం అటు తిప్పుకున్నాడు. కొలబద్ద నవ్వలేదు. చక్రం మళ్ళీ తగిలించి, స్టీరింగు చివరిదాకా తిప్పించి, టైరు మడ్‌గార్డు లోపలి ప్లాస్టిక్‌ను ఎక్కడ ఒరుసుకుంటోందో ఆయన చేత్తోనే తడిమించి చూపించాడు. ఇక ఆ ఎత్తులో ఉంచమని ఆయన అడగలేదు.

స్పానర్ తిరిగి బావమరిది చేతికి వచ్చింది.

"నువ్వే ఎక్కించరా."

వాడు రింగులు పైకి తిప్పి, తెప్పించిన కొత్త టైర్లు ముందు చక్రాలకు ఎక్కించాడు. డ్రైవర్ సీట్లో ఆయన బరువుకు సరిపడా ఇసుక మూటలు పెట్టాడు. కారును ముందుకూ వెనక్కూ తోసి స్ప్రింగుల్ని కుదురుకోనిచ్చి, రెండు పక్కలా దారం కట్టి, దానికి సరిగ్గా చక్రాలను తిన్నగా నిలిపాడు. అంతా అయ్యాక కొలబద్ద టేపు తీశాడు. వాడు నొచ్చుకోలేదు.

"కొలుచుకో బావా. నువ్వు కొలవకపోతే నాకే అనుమానం వస్తుంది."

రెండు పక్కలా లెక్క సరిపోయింది. కొలబద్ద టేపు మూసి తలూపాడు. తాళంచెవి బావమరిదే అందించాడు. కొన్నాళ్ళు తిరిగాక టైరు లోపలి అంచు చేత్తో తడిమి చూసుకోమని, రంపంలా తగిలితే ఆ రోజే రమ్మని చెప్పాడు. ఫోటో ఆయన తాళం అందుకుని, గేటు దగ్గర మెరకను మెల్లగా దాటించి కారు తీసుకుపోయాడు.