ఆఖరి పేజీలు లేని నవలలు

భూపాలపల్లిలో మా అన్న ఇంటికి ఎప్పుడు వెళ్లినా, ఆయన మనుమరాలు పార్సిల్‌లో తెప్పించుకున్న కొత్త నవలలు మంచం మీద పడి ఉంటాయి. మొన్న ఎండాకాలంలో నాలుగు కనిపించాయి. ఒకటి నవ్వించేదట, ఒకటి ప్రేమకథ, ఒకటి హత్య మీద నడిచేది, నాలుగోది చదువుతుంటే ఊపిరి ఆగిపోతుందని అట్ట మీద అచ్చేసినవాళ్లే రాసుకున్నారు. కొత్త పుస్తకం వాసన బాగుంటుందని అందరూ అంటారు గానీ, ఆ సిరా, ఆ జిగురు ముక్కుకు తగిలితే నాకు తుమ్ము వస్తుంది, ఎందుకంటే నా చిన్నతనంలో నవలకు మిరపకాయల ఘాటు తప్ప వేరే వాసన లేదు. చేతిలోకి తీసుకోగానే పుస్తకాన్ని వెనక్కి తిప్పి ఆఖరి పేజీ ఉందో లేదో చూస్తాను. ఆ పిల్ల నవ్వుతుంది. "ముందే సూస్తే మజా పోతది గదా అమ్మమ్మా!" అంటుంది. మజా పోవడం అంటే ఏమిటో దానికి చెప్పడానికి మొదలుపెడితే సాయంత్రమవుతుంది.

మాది మానుకోట. ఇప్పుడు అందరూ మహబూబాబాద్ అంటున్న ఊరు. ప్రత్యేక తెలంగాణ కావాలని అరవై తొమ్మిదిలో గొడవలు జరిగి బడులు మూతపడినప్పుడు నేను ఇంకా అక్షరాలు కూడబలుక్కుంటున్న పిల్లను. పలక పక్కన పెట్టి గోడల మీద బొగ్గుతో, జాజుతో రాసిన నినాదాలు చదువుతూ చదువు నేర్చుకున్నాను. అందుకేనేమో, నాకు గట్టిగా చదవడమే అలవాటైంది. బడులు మళ్లీ తెరిచాక కూడా మనసులో చదువుకోవడం రాలేదు. ఆ గొంతే నన్ను మిర్చి షెడ్డులో చదివే పిల్లను చేసింది.

మాఘమాసం దాటితే చుట్టుపక్కల ఊళ్లనుంచి మిరప బండ్లు దిగేవి. మా వాడ వెనక ఒక వర్తకుడి రేకుల షెడ్డు ఉండేది. అక్కడ మా అమ్మ, వాడకంతటికీ పెద్దదైన ఈరమ్మవ్వ, వాడలోని ఆడవాళ్లందరూ ముక్కుకు కొంగు కట్టుకుని, ఎర్రటి కుప్పల మధ్య కూర్చుని, తెల్లబడిన తాలు కాయలు ఏరి పక్కకు వేసేవాళ్లు. కళ్లనుంచి నీళ్లు, రేకుల కింద ఉడుకు, మధ్యాహ్నం జొన్న గటకలో నంజుకోవడానికి ఉల్లిగడ్డ. ఎండాకాలం సెలవుల్లో మిగతా పిల్లలు వేపచెట్టు కింద అచ్చనగండ్లు ఆడుకుంటుంటే, నేను బోర్లించిన గంప మీద కూర్చుని నవల చదివేదాన్ని. అక్కడొక కట్టుబాటు ఉండేది. చదివే పిల్లకు కాయలు ఏరే తీరిక ఉండదు కాబట్టి, నేను చదువుతున్నంతసేపూ తలా ఒక దోసెడు మంచి కాయలు ఏరి నా గంపలో వేసేవాళ్లు. సాయంత్రానికి నా గంప కూడా అందరి గంపల్లాగే నిండేది. ఆ గంపను చూసి నేను పడిన గర్వం తరువాత ఏ ఉద్యోగంలోనూ పడలేదు.

నవలలు స్టేషన్ ముందున్న అద్దె పుస్తకాల షాపునుంచి వచ్చేవి. కోస్తావైపునుంచి వచ్చి స్థిరపడిన ఒకాయన దాన్ని నడిపేవాడు. కొత్త నవలలు విజయవాడనుంచి రైల్లో కట్టలుగా దిగేవి. డిటెక్టివ్ నవల వస్తే ఆయన బ్లేడుతో కుట్టు తెంపి చివరి పేజీలను వేరుచేసి తన దగ్గర పెట్టుకునేవాడు. పుస్తకం తిరిగి తెచ్చినవాళ్లు అక్కడే బల్ల దగ్గర నిలబడి ఆ పేజీలు చదువుకుని వెళ్లాలి. అలా చేస్తే పుస్తకం తొందరగా తిరిగొస్తుందని ఆయన లెక్క. రైల్వే క్వార్టర్ల ఇండ్లకు మాత్రం పుస్తకం తెగకుండా, కొత్త అట్ట తళతళలాడుతూ, అందరికంటే ముందు వెళ్లేది. మా దగ్గరికి వచ్చేసరికి దాని మూలలు మడతపడి, పేజీల మధ్య ఎవరివో తలవెంట్రుకలు, కాఫీ మరకలు ఉండేవి. ఇది నేను ఊహించి చెబుతున్న మాట కాదు. కళ్లారా చూశాను.

ఆడపిల్లలు స్టేషన్ ముందు షాపులో నిలబడి చదవడం మా ఇండ్లలో ఒప్పుకునేవాళ్లు కాదు. కాబట్టి చివర ఏమైందో చదివి వచ్చి చెప్పే పని మా అన్నది. ఆయన నాకంటే నాలుగేండ్లు పెద్ద. చెప్పే ముందు స్నానానికి నీళ్లు తోడించుకునేవాడు, సైకిల్ తుడిపించుకునేవాడు, సద్దుల బతుకమ్మ నాడైతే నా వంతు బెల్లం కలిపిన మలీద ముద్ద కూడా గుంజుకుని తినేవాడు. అంతా అయ్యాక మూతి తుడుచుకుని, "సంపింది వంటోడే" అనేవాడు. నేను మరునాడు షెడ్డులో అదే చెప్పేదాన్ని. ఒక వేసవిలో మూడు నవలల్లోనూ వంటవాడే హంతకుడయ్యేసరికి ఈరమ్మవ్వ కాయలు ఏరడం ఆపింది.

"ఏందే పిల్లా, ఈ పట్నపోళ్లు ఇంత సదువుకున్నరు, ఒక్కనికన్న వంట జేసుకునుడు రాదా? మాటికి వంటోన్ని పెట్టుకునుడెందుకు, సచ్చుడెందుకు?"

షెడ్డంతా నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. అన్న ఆ పేజీలు చదవనే లేదు. షాపులో పుస్తకం పడేసి క్యారం బోర్డు దగ్గరికి పోయేవాడని అప్పుడే అర్థమైంది. నేను తోడిన నీళ్లు, తుడిచిన సైకిల్, తినని మలీద అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి.

తరువాత వచ్చిన కొత్త నవల అన్నిటికంటే పెద్ద గిరాకీ ఉన్నది. అందులో ఒక జమీందారు హత్య, ఇద్దరు ప్రేమికులు, మధ్యమధ్య నవ్వించడానికి నరసమ్మ అని ఒక పనిమనిషి. ఆ నవలలో అందరూ పుస్తకాల్లో మాట్లాడినట్టే మాట్లాడుతారు. నరసమ్మ ఒక్కతే మాలాగా మాట్లాడుతుంది. ఆమె నోరు తెరిస్తే మిగిలినవాళ్లు నవ్వుతారని పక్కనే రాసి ఉంటుంది. మొదటిసారి ఆమె మాట చదివినప్పుడు షెడ్డులో ఎవరూ నవ్వలేదు. ఎందుకు నవ్వాలో తెలియలేదు వాళ్లకు. ఈరమ్మవ్వ మాత్రం, "గీ నరసమ్మది ఏ ఊరో, మనదిక్కు ఆమెనే ఉన్నట్టున్నది" అని సంబురపడింది. అప్పటినుంచి నరసమ్మ మా మనిషి. కథలో ఆమెకేమవుతుందోనని అమ్మ రాత్రి అన్నం తింటూ కూడా అడిగేది. ఈసారి చివరి పేజీలు నా కళ్లతో చదివి చెబుతానని నేను అందరి ముందూ మాటిచ్చాను.

నవల అయిపోయిన రోజు మధ్యాహ్నం ఎవరికీ చెప్పకుండా షాపుకు వెళ్లాను. అక్కడ క్వార్టర్ల ఇంటి ఒకావిడ, నా తరగతిలోనే చదివే ఆవిడ కూతురు, ఇంకా నలుగురు మగవాళ్లు ఉన్నారు. నేను పుస్తకం బల్ల మీద పెట్టి, షాపాయనతో, "అన్నా, దీని ఆఖరి పేజీలు జర ఇయ్యరాదే, గీడనే నిలవడి సదువుత" అన్నాను.

క్వార్టర్ల ఆవిడ పకపకా నవ్వింది. "అయ్యో, అచ్చం నరసమ్మేనండీ!" అంది. ఆవిడ కూతురు నవ్వింది, మగవాళ్లు నవ్వారు. షాపాయన చివరి పేజీల కట్ట తీసి చేతిలో పట్టుకున్నాడు. నిజంగానే ఇస్తాడనుకున్నాను.

"ఏదీ, ఇంకోసారి అనమ్మాయ్. ఆ 'జర' అన్నావే, అది మళ్లీ అంటే ఇస్తాను."

ఆ పేజీలు నా జానెడు దూరంలో ఉన్నాయి. పై కాగితం మీద నరసమ్మ పేరు కూడా కనబడింది. ఒక్క మాట అంటే చాలు. నేను అనలేదు. పుస్తకం అక్కడే వదిలి వచ్చేశాను. ఎవరేమన్నా అనుకోనీ, ఆ రోజు నోరు మూసుకున్నందుకు నాకు ఇప్పటికీ చింత లేదు. చింతంతా ఆ నవ్వుల గురించే.

షెడ్డులో అందరూ చేతులాపి నా మొఖం చూస్తున్నారు. చదవలేదని చెప్పడానికి నోరు రాలేదు. గంప మీద కూర్చుని, తుమ్మి, కథ మొదలుపెట్టాను. జమీందారును చంపింది ఆయన తమ్ముడేననీ, నవ్వి నవ్వి అలసిపోయిన పెద్దమనుషులెవరూ అది కనిపెట్టలేదనీ, కసువు ఊడుస్తూ అంతా చూసిన నరసమ్మే కొంగు నడుముకు చుట్టి వాడి రెక్క పట్టుకున్నదనీ, "నవ్వుండ్రి, ఇప్పుడు నవ్వుండ్రి" అన్నదనీ చెప్పాను. షెడ్డులో ఒక్క కాయ గలగలలాడలేదు. తరువాత దోసెళ్ల కొద్దీ కాయలు పడి నా గంప పొర్లిపోయింది. మా అమ్మ కళ్లు తుడుచుకుంది, ఘాటుకో మరి దేనికో.

సాయంత్రం అన్న షెడ్డుకే వచ్చాడు. షాపులో జరిగింది ఆయనదాకా చేరింది. పరువు తీశానని అందరి ముందూ తిట్టి, "ఇదేం సదువలే, అంత అబద్ధం. నేను సదివిన. సంపింది నరసమ్మనే!" అన్నాడు.

ఈరమ్మవ్వ లేచి, ఒళ్లోని తాలు కాయలు దులిపింది. "పోరా పో. నీకు వంటోళ్లు దొరకలేదా ఇయ్యాల? పిల్ల జెప్పిందే కత."

కానీ ఆ మాట నాలో ముల్లులా మిగిలిపోయింది. ఆయన నిజంగా చదివాడా, నన్ను ఏడిపించడానికి అన్నాడా? నరసమ్మ హంతకురాలా, కాదా? ఆ నవల కోసం ఎన్నో ఊళ్లలో వెతికాను. జనగామలో పాత కాగితాల దుకాణంలో ఒకే ఒక్కసారి దొరికింది. వెనక్కి తిప్పితే చివరి పేజీలు లేవు. అన్నను అడిగాను. "ఏ నవల? ఏ నరసమ్మ?" అన్నాడు. మనిషిని ముల్లుతో పొడిచి మరిచిపోవడం ఎంత సులువో!

బొగ్గు గనిలో నౌకరీ చేసి రిటైరైన అన్నకు ఇప్పుడు చూపు ఆనదు. మొన్న మంచం మీదున్న ఆ హత్య నవలను చదివి వినిపించమన్నాడు. నాలుగు రోజులు చదివాను. అందులో మన మాటతో మాట్లాడే వంటామె ఒకతి ఉంది, ఆమెను చూసి ఎవరూ నవ్వరు. చివరికి హంతకుణ్ని పట్టించింది ఆమే. చివరి వాక్యందాకా అక్షరం పొల్లుపోకుండా చదివి పుస్తకం మూశాను.

అన్న తల అడ్డంగా ఊపాడు. "నీయవ్వ, నువ్వు అల్లి జెప్తున్నవ్ చెల్లె" అన్నాడు.

పేజీ ఆయన కళ్ల ముందు పెట్టాను. ఆయనకు కనబడలేదు. మిర్చి షెడ్డు ఉన్నచోట ఇప్పుడు పెండ్లిళ్ల హాలు ఉంది, అద్దె పుస్తకాల షాపులో సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. నేను అల్లి చెబితే నమ్మి దోసెడు కాయలు వేసిన ఈరమ్మవ్వ పోయింది, అమ్మ పోయింది. అచ్చులో ఉన్నది చదివినా నమ్మని మా అన్న మిగిలాడు.