అణుబాంబుకి అడ్డంగా మా నీళ్ల సంపు

ఇలా వచ్చి కూర్చో, మీ అమ్మ అన్నానికి పిలిచేలోపు చెప్పేస్తాను. ఆ ఫోను పక్కన పెట్టి సరిగ్గా విను. నేను చెప్పింది చెప్పినట్టే రాయి, మధ్యలో నీ తెలివి కలపకు. పొద్దున టీవీలో నలుగురు కూర్చుని, శత్రుదేశం చేతిలో అణుబాంబు ఉంటే మిగతా ప్రపంచం ఏం చెయ్యాలని అరుచుకుంటుంటే నేను నవ్వానా, నీకేం తెలుసు నానమ్మా అన్నావు. నాకు తెలుసు. మూడు రోజులు నేనే ఆ శత్రుదేశాన్ని.

అప్పట్లో మేము అమీర్‌పేటలో ఒక అపార్టుమెంటు కింది ఫ్లాటులో మెస్సు నడిపేవాళ్లం. గుంటూరులో మీ తాతయ్య బట్టల కొట్టు మూతపడ్డాక మాకు మిగిలిన దారి అదొక్కటే. సందు నిండా కంప్యూటరు కోర్సులకి వచ్చిన పిల్లలు. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయట, వాటిని బాగుచెయ్యడం నేర్చుకుంటే ఉద్యోగాలట. ఆ పిల్లల్లో నలభై మంది మా దగ్గరే తినేవాళ్లు. ఎదురుగా కొత్త మెస్సు ఒకటి తెరిచారు, వాళ్లకి సొంత బోరు. మా పొయ్యి ఒక్క పూట వెలగకపోతే చాలు, నలభై మందీ రోడ్డు దాటేస్తారు, మళ్లీ రారు. మాకు మళ్లీ గుంటూరు బస్సే గతి. ఇది గుర్తుపెట్టుకుని మిగతాది విను.

ఆ ఎండాకాలం మనవాళ్లు ఎడారిలో బాంబు పేల్చి చూశారు. అపార్టుమెంటులో అందరికీ బూందీ పంచారు, చేసింది నేనే. రెండు వారాలు దాటాయో లేదో, పాకిస్తాన్ వాళ్లు వాళ్ల కొండల్లో పేల్చారు. దానికి బూందీ లేదు. సెల్లారులో ప్లాస్టిక్ కుర్చీలు వేసి సెక్రెటరీ గారు మీటింగు పెట్టారు.

సెక్రెటరీ గారు రిటైరైన ఇంజనీరు, మా వైపు వాళ్లే. చేతిలో కాగితం లేకుండా నిలబడేవారు కాదు. "ప్రపంచ దేశాలన్నీ కలిసి వాళ్లకి అప్పులు ఆపెయ్యాలి. వినకపోతే సరుకులు ఆపెయ్యాలి. అప్పటికీ వినకపోతే..." అని కాగితం తిప్పారు. అవతలి వైపు ఖాళీగా ఉంది.

మూడో అంతస్తులో ఉండే టైలరు గారు లేచారు. వాళ్లది సిరిసిల్ల, పంజాగుట్టలో కుట్టు దుకాణం. "గట్లెట్ల సార్? మనం సుత పేల్చినం గద. మనకు సుత ఆపాల్నా?"

"మనది శాంతి కోసం."

"వాళ్లు సుత గదే అంటుండ్రు సార్, నిన్న రేడియోల విన్న."

"మీరు కూర్చోండి ముందు," అన్నారు సెక్రెటరీ గారు.

ఆ సాయంత్రం రెండు తీర్మానాలు చేశారు. ఒకటి, ఐక్యరాజ్య సమితికి ఉత్తరం రాయాలి. రెండోది, బాంబు పడితే అపార్టుమెంటు వాళ్లంతా దాక్కోవడానికి చోటు కావాలి. భూమిలోపల, సిమెంటు గోడలతో, పైన ఇనప మూతతో మనకున్నది ఏంటి? నీళ్ల సంపు. కాబట్టి సంపు ఖాళీ చెయ్యాలి.

నేను నవ్వాను. ఎవరూ నవ్వలేదు. చెయ్యెత్తమంటే అందరూ ఎత్తారు. మీ తాతయ్య కూడా ఎత్తారు. ఇంటికొచ్చాక అడిగితే, పక్కాయన ఎత్తాడు కదా అన్నారు.

మర్నాడు మోటారు పెట్టి, మే నెలలో, అమీర్‌పేటలో, సంపులో ఉన్న మంచినీళ్లన్నీ మురుగు మోరీలోకి తోడేశారు. రోజు విడిచి రోజు వచ్చే కొళాయి నీళ్లు కూడా సంపులోకి రాకుండా గేటు పక్కనున్న వాల్వు కట్టేశారు. లోపల చాపలు పరిచారు, దేవుడి పటం పెట్టారు, బిస్కెట్ల డబ్బా దించారు.

నేను సెక్రెటరీ గారి దగ్గరికి వెళ్లాను. "పైన ట్యాంకులో ఉన్న నీళ్లు రేపటి దాకా వస్తాయండి. సోమవారం నలభై మందికి నేనేం పెట్టను?"

"అమ్మా, ప్రాణాలు ముఖ్యమా, సాంబారు ముఖ్యమా?"

"నా ప్రాణం సాంబారులోనే ఉందండీ," అన్నాను. ఆయన అది కాగితం మీద రాసుకోలేదు.

ఆదివారం పొద్దున రిహార్సలు. నేను పైన నిలబడి స్టీలు పళ్లెం మీద గరిటెతో కొట్టాలి, అదే సైరను. కొట్టాను. అందరూ నిచ్చెన దిగి లోపలికి వెళ్లారు. ఆడవాళ్లు విసనకర్రలు తీసుకెళ్లారు. లోపలినుంచి సెక్రెటరీ గారు ఐక్యరాజ్య సమితికి రాసిన ఉత్తరం చదువుతున్నారు, ఆ గొంతు మూతలోంచి గుడిలో మైకులాగా పైకొస్తోంది. అది కొళాయి నీళ్లొచ్చే రోజు. గేటు దగ్గర పైపులో బుసబుస వినిపిస్తోంది. వాల్వు తిప్పే ఇనుప రాడ్డు మేకుకి వేలాడుతోంది.

నాకెవరినీ ముంచాలని లేదమ్మా, అది రాయి. పాదాలు తడిస్తే చాలనుకున్నాను. రాడ్డు పెట్టి రెండు చుట్లు తిప్పాను.

కాసేపటికి లోపల టైలరు గారి గొంతు. "సార్, బాంబు సంగతేమో గని, చాపలు తేలుతున్నయ్."

ఒక్కొక్కరే నిచ్చెనెక్కి వచ్చారు, పంచెలు పిండుకుంటూ. సెక్రెటరీ గారు చివర వచ్చారు, ఉత్తరం నెత్తిమీద పెట్టుకుని. నేను రాడ్డు రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాను. నా చేతిలో ఇనుప ముక్క చూసి ఇరవై కుటుంబాలు ఒక అడుగు వెనక్కి వేశాయి. నా జన్మలో నన్ను చూసి ఎవరూ అడుగు వెనక్కి వెయ్యలేదు. ఆ రుచి చెడ్డది. బాగుంటుంది, అందుకే చెడ్డది.

"రాడ్డు ఇవ్వండి," అన్నారాయన.

"సంపు మళ్లీ సంపు అవుతుందని రాసివ్వండి."

"ముందు రాడ్డు."

"ముందు రాత."

ఆయన సంపు మూత దించి, దానికీ మోటారు గదికీ తాళం వేశారు. ఇప్పుడు చూడు తమాషా. సంపు నిండుతోంది, ఎవరూ ఆపలేరు, రాడ్డు నా దగ్గరుంది. పైన ట్యాంకుకి చుక్క ఎక్కదు, తాళం ఆయన దగ్గరుంది. కింద నిండా నీళ్లు, పైన కొళాయిల్లో గాలి.

ముందు బెదిరించారు, పోలీసులన్నారు. సంపులో నీళ్లు నింపిందని కేసు పెట్టడం ఎలాగో ఎవరికీ తెలియలేదు. తర్వాత నా మీద ఆంక్షలు. అపార్టుమెంటులో ఎవరూ మా మెస్సు పచ్చళ్లు కొనకూడదట. ఆ సాయంత్రమే సెక్రెటరీ గారి భార్య వెనక గుమ్మం దగ్గరికొచ్చి, "గోంగూర ఉందా వదినా? ఆయనకి ముద్ద దిగట్లేదు, ఎక్కడిదని చెప్పనులే," అంది. ఇచ్చాను. మరి మా ఇద్దరికీ గొడవ లేదుగా, ఒకే కొట్టులో బియ్యం కొనేవాళ్లం.

సోమవారం పక్క బిల్డింగునుంచి మీ తాతయ్య బిందెలతో మోశారు. ఉప్మాతో సరిపెట్టాను. మంగళవారం ఆయన నడుం పట్టేసింది. పిల్లలు కంచాలవైపు, రోడ్డు అవతలివైపు చూస్తున్నారు. ఒకడైతే, "రేపటి నుంచి ఎలా ఆంటీ?" అన్నాడు, మర్యాదగానే.

ఆ మధ్యాహ్నం టైలరు గారు వచ్చి గుమ్మంలో కూర్చున్నారు. రాడ్డు అడగలేదు. "అమ్మా, నీకు దేనికి ఫికర్ అయితుందో జర చెప్పు," అన్నారు. మూడు రోజుల్లో నన్ను ఆ మాట అడిగింది ఆయనొక్కరే. నలభై మంది, ఎదురు మెస్సు, గుంటూరు బస్సు అన్నీ చెప్పాను. చెప్పేసరికి ఏడుపొచ్చింది. ఆయన పైకి వెళ్లి సెక్రెటరీ గారిని కూడా అదే అడిగారట. ఆయనకి రాత్రిళ్లు నిద్ర లేదట, విమానం చప్పుడైతే లేచి కూర్చుంటున్నారట. బేగంపేట ఎయిర్‌పోర్టు పక్కన కాపురం, చప్పుడు ఆగేదెప్పుడు?

అప్పుడే నాకాయన మీద కోపం పోయింది. రాడ్డు మాత్రం మంచం కిందనుంచి తియ్యలేదు. అది వేరు, ఇది వేరు.

బుధవారం పొద్దున సెల్లారులో మళ్లీ కుర్చీలు వేశారు. సంపు నీళ్లకే ఉండాలి, సెక్రెటరీ గారి భయానికి మెట్ల కింద గది ఖాళీ చెయ్యాలి. రోజూ ఇద్దరు వెళ్లి వాల్వునీ మోటారునీ చూసి రావాలి. అందరూ సరేనన్నారు. ఇక మిగిలింది రాడ్డూ తాళం చెవీ ఎవరు ముందు ఇవ్వాలన్నదే. అక్కడ గంట పట్టింది. పిల్లల టిఫిను టైము దాటిపోతోంది. సెక్రెటరీ గారు, "ఆమె ఇచ్చాక రాడ్డు ఇంకోటి చేయించుకోదని నమ్మకమేంటి?" అన్నారు. నాకు ఆ ఆలోచనే లేదు, ఆయన అన్నాక వచ్చింది.

చివరికి టైలరు గారు మధ్యలో స్టూలు వేసి, దాని మీద కొలతల టేపు అడ్డంగా పరిచారు. "ఇటు దిక్కు అమ్మ, అటు దిక్కు సార్. మూడు అంటె ఇద్దరు ఒక్కసారే పెట్టుర్రి," అన్నారు. ఒకటి అన్నారు. నా చేతిలో రాడ్డు చెమటకి జారిపోతోంది. రెండు అన్నారు. ఆయన చేతిలో తాళం చెవి వైపు నేను చూస్తున్నాను, నా రాడ్డు వైపు ఆయన చూస్తున్నారు, వెనకాల మెస్సు పిల్లలు పుస్తకాలు పట్టుకుని నిలబడ్డారు. మూడు అనగానే నేను

"అత్తయ్యా, పప్పు చల్లారిపోతోంది, మూడోసారి పిలవడం. ముందు తిందురు రండి."