ఉప్పెక్కిన బావి, వట్టివేళ్ల అత్త

మా మేనత్త పోయింది. ముత్తుకూరు నుంచి అన్న ఫోన్ చేసి, ఏడుస్తూ చెప్పాడు. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఇది రాస్తున్నప్పుడూ తగ్గలేదు.

సముద్రం ఒడ్డున మా ఊరి ఇసుక నేలలో అత్త వట్టివేరు పండించేది. తవ్విన వేళ్లను కడిగి, నానబెట్టి, ముక్కలు చేసి పెరట్లో రాగి బానలో కాచేది. ఆవిరి గొట్టంలో చల్లబడి కారితే, నీళ్ల నుంచి విడివడిన నూనెను తీసేది. రోజంతా సన్నటి మంటే. నేను తొందరపెడితే, "మంట పెంచితే మాడతాదమ్మా. దాని ఇష్టానికి దాన్ని రానీ" అనేది. మొదటి చుక్క నా మణికట్టుకు రాసి, సాయంత్రం దాకా వాసన చూడనిచ్చేది కాదు. పొగ వాసన పోయాకే అసలుది తెలుస్తుందట. దేన్నయినా ఆగి చూడడం నాకు ఆమె దగ్గరే అబ్బింది.

తర్వాత ఆమె చేను పక్కనే అన్న రొయ్యల చెరువులు తవ్వించాడు. కొంతకాలానికే అత్త బావి ఉప్పెక్కింది. ఆ నీళ్లు కాస్తే బానలో తెల్లటి పొర కట్టేది. చేలో వేళ్లు పొట్టివైపోయాయి. ఆమె మొరపెట్టుకుంటే అధికారులు వచ్చారు, అన్న షెడ్డులో టీ తాగి వెళ్లారు. చివరికి పంచాయితీలో అందరి ముందూ చెంబెడు బావినీళ్లు పెట్టింది.

"అబ్బయా, చిన్నప్పుడు నువ్వు తాగిన బావే. ఒక్క గుక్క తాగు, ఇంక నేను నోరెత్తను."

అన్న తాగలేదు. "కాలం మారినాది అత్తా. నీ గడ్డి ఎవురికి కావాల?" అన్నాడు. పెద్దమనుషులు తలలు దించుకున్నారు గానీ, అది తప్పని ఒక్కరూ అనలేదు. వాళ్లకూ చెరువులున్నాయి.

ఆ ఏడే బట్టీ ఆరిపోయింది. బానను మాత్రం ఎవరికీ అమ్మనివ్వక, చింతపండు పెట్టి తోముతూ కూర్చునేది. మనిషి కుంగిపోయింది. గుండెపోటని డాక్టరు రాశాడు. రాయనీ.

నేను చేరేసరికి ఆమె స్నానానికి నీళ్ల క్యాన్లు దించుతున్నారు. సొంత బావి పక్కనే, కొన్న నీళ్లతో ఆమెకు చివరి స్నానం చేయించాం. అప్పుడు అన్న నెల్లూరు నుంచి తెప్పించిన సెంటు సీసా తీసి ఆమె మీద చల్లబోయాడు. చెయ్యి పట్టుకున్నాను.

"అది ఆమె మీద పడకూడదు. నువ్వే పూసుకో."

చావింట్లో గొడవేంటని అందరూ నన్నే తప్పుపట్టారు. పంచాయితీ రోజు ఆ నోళ్లు ఏమయ్యాయి?

అన్న సీసా జేబులో పెట్టుకుని పాడె మోశాడు. ఆడవాళ్లు రాకూడదన్నా నేనూ నడిచాను. చెరువుల గట్టు తప్ప వేరే దారి లేదు. మేము దాటినంతసేపూ నీళ్లను చిలికే ఏరేటర్లు తిరుగుతూనే ఉన్నాయి, ఉప్పునీటిని తెల్లగా పైకి చిమ్ముతూ. ఎవరూ ఆపమనలేదు.