అనంతగిరి ఎక్కుతూ నేను పొరబడిన జబ్బు

అరకు లోయ చూడాలని బయలుదేరి, చూడకుండానే తిరిగి వచ్చాము. అయినా ఆ దారిన వెళ్ళేవారికి పనికివస్తుందని ఇది రాస్తున్నాను.

మా అక్క భర్త అప్పలనాయుడు పసుపు వ్యాపారి. కిందటి నెల పాడేరు సంతలు తిరిగి వచ్చాడు. ఈసారి అరకు వైపు బేరాలు చూస్తానన్నాడు. నేను పాఠాలు చెప్పే బడికి సెలవులు, తోడు వెళ్ళాను. మంగళవారం తెల్లవారుజామున విజయనగరంలో మోటారు బస్సు ఎక్కుతుంటే అక్క నన్ను పక్కకు పిలిచింది. "మీ బావకి యాపారమే గానీ ఒంటి మీద యావుండదు. నువ్వే సూసుకోవాల తమ్ముడూ" అంది.

ఎనిమిదింటికి శృంగవరపుకోటలో దిగి, చద్దన్నం తిని, ఎడ్లబండి కట్టించుకున్నాము. పన్నెండింటికి కొండ ఘాటీ మొదలై రెండు మలుపులు తిరిగామో లేదో, బావ తల పట్టుకున్నాడు. వాంతి అయింది. ఎండలోనే కంబళి కప్పుకొని వణికాడు.

"జరమేమోరా. సంచీలో క్వినైను పొట్లముంది, తియ్యి" అన్నాడు.

నేను తియ్యలేదు. రెండేళ్ళ కిందట బదరీ యాత్ర చేసి వచ్చినవాణ్ణి. అక్కడ ఎత్తుకు పోయేకొద్దీ యాత్రికులకు తలనొప్పి, వాంతులు, ఆయాసం రావడం, కిందికి దింపితే తేరుకోవడం కళ్ళారా చూశాను. ఊళ్ళో ఆ కథ చెప్పి చెప్పి నేను సగం వైద్యుణ్ణనే నమ్మకం కుదిరింది. "ఇది ఎత్తు పడకపోవడం బావా, మందుతో పనిలేదు" అని బండి తిప్పించి, ఘాటీ అడుగున ఉన్న సత్రంలో దింపాను. సాయంత్రానికి ఒళ్ళంతా చెమట పట్టి జ్వరం విడిచింది. నా సంబరం ఇంతా అంతా కాదు.

బుధవారం బావ హుషారుగా లేచాడు. మళ్ళీ ఎక్కాము. రోజంతా తలనొప్పి మాటే లేదు. "ఒంటికి ఎత్తు అలవాటైంది" అని దానికీ నేనే కారణం చెప్పాను. సాయంత్రం ఐదింటికి అనంతగిరి చేరాము. బావకు పసుపు అమ్మే కొండ రైతు పండన్న ఇంట్లో బస. వేడి సామ అన్నం, చిక్కుడుగింజల కూర పెట్టారు. అంత రుచిగా తిని చాలాకాలమైంది.

గురువారం అరకు బయలుదేరాలని పన్నెండింటికి ఎద్దులను కడుతుండగా బావకు వణుకు పుట్టింది. మంచం కిర్రుకిర్రుమంది. కళ్ళు ఎర్రబడ్డాయి. నన్ను చూసి అక్క పేరు పెట్టి పిలిచాడు. "ఎత్తు పడలేదు, దింపండి, దింపండి" అని కేకలు పెట్టాను.

పండన్న అడ్డం నిలబడ్డాడు. "ఏటి బాబూ ఎత్తు? మా ముసిలోళ్ళు ఇంతకన్నా మీద సేను సేత్తన్నారు. మొన్న ఏ యాలకొచ్చినాది వణుకు?"

"మిట్టమధ్యాహ్నం."

"నిన్న?"

"రాలేదు."

అక్కడివాళ్ళు సంత రోజు మరిచిపోకుండా నారతాడుకు ముళ్ళు వేసి లెక్క పెట్టుకుంటారు. పండన్న ఇంట్లో జబ్బుకూ అదే లెక్క. చూరులోంచి నార లాగి ఒక ముడి వేశాడు, జానెడు వదిలి ఇంకొకటి వేశాడు.

"ఇది మొన్న. ఇది నేడు. నడుమ కాళీ నిన్నటిది. ఎత్తుకైతే మీదున్నన్నాళ్ళూ ఉండాల గదా? రోజు మార్సి రోజు, అదే యాలకొత్తే అది సలిజొరం. ఎల్లుండి మజ్జాన్నం మళ్ళా వత్తాది. మందుంటే ఇయ్యి బాబూ, బేగి!"

అప్పుడు తెలిసింది. బదరీలో ఎవరూ ఇలా గజగజ వణకలేదు, చెమటలో తడిసి లేవలేదు. అక్కడి ఆయాసం బావకు ఒక్క క్షణమైనా లేదు. అసలు ఆ కొండలెక్కడ, ఈ కొండలెక్కడ! పాడేరు నుంచి ఒంట్లో పెట్టుకొచ్చిన మన్యపు జ్వరం అది. మందు కావాలని నోరు తెరిచి అడిగిన మనిషికి రెండు రోజులు మందు ఇవ్వకుండా ఆపాను. సిగ్గుతో చచ్చిపోయాను. గంజితో క్వినైను మింగించాను.

శుక్రవారం పొద్దున్నే నలుగురు కొండవాళ్ళు డోలీ కట్టి బావను మోసుకుని దింపారు. సాయంత్రం శృంగవరపుకోట ఆసుపత్రిలో డాక్టరు చూసి ఇంకా మందిచ్చాడు. "ఈ ఒళ్ళు ఇంకో వణుకు తట్టుకోలేదు" అని నాతో విడిగా అన్నాడు.

శనివారం, పండన్న చెప్పిన ఎల్లుండి నాడే, బావను ఇంటికి చేర్చాలని పదకొండింటికి విజయనగరం బస్సు ఎక్కాము. ఆ కొండలకు వెళ్ళేవారికి నేను చెప్పగలిగిందొకటే: తలనొప్పి, వాంతి చూసి జబ్బుకు పేరు పెట్టేయకండి. ఎప్పుడు వచ్చింది, ఎప్పుడు విడిచింది గుర్తు పెట్టుకోండి. అక్కడి మనుషులను అడగండి.

నా జేబు గడియారంలో పన్నెండయింది. బావ కళ్ళు మూసుకుని కిటికీకి ఆనుకున్నాడు. పన్నెండుంపావు. ఎదుటి సీటులోని ముసలమ్మ, "ఏటి నాయనా, ఆ గడియారం అలగే సూత్తన్నావు? దిగీసోటు దాటిపోనాదేటి?" అంది. గడియారం జేబులో పెట్టి మళ్ళీ తీశాను. పన్నెండున్నర. ఒంటిగంట.

బావ కళ్ళు తెరిచి నా చెయ్యి పట్టుకున్నాడు. ఆ చెయ్యి చల్లగా ఉంది.

"నాకు రానేదు గదరా," అన్నాడు, "నువ్వెందుకు వణుకుతన్నావు?"

ఆ చేతి మీద తల ఆనించి ఏడ్చాను.