నాన్న రాసిన పరిచయం

మొన్న సోంపేట దగ్గరి అమ్మాయితో వీడియోలో మాట్లాడాను. నేను పనిచేసే కంపెనీకి ఆఫీసంటూ ఎక్కడా లేదు, ఎవరి ఇళ్లలో వాళ్లం కూర్చుని సాఫ్ట్‌వేర్ రాస్తుంటాం, కొత్తవాళ్లను తీసుకునేటప్పుడు ముందుగా ఒక్క నిమిషంలో మీ గురించి చెప్పండని అడిగే పని ఈ మధ్య నా మీద పడింది. ఆ అమ్మాయి ఎక్కడా తడుముకోకుండా, చక్కని ఇంగ్లీషులో, తనకేమేం వచ్చునో, ఏమేం తయారు చేసిందో, ఎప్పటినుంచి చేరగలదో చెబుతోంది. అంతలో ఆమె వెనక గదిలో ఎవరో పెద్దాయన దగ్గారు. అమ్మాయి క్షమించమని మైకు ఆపేసి, పక్కకు తిరిగి ఏదో చెప్పి, మళ్లీ మైకు పెట్టి ఆపినచోటునుంచే అందుకుంది. మంచి మార్కులే వేశాను. తర్వాత మాత్రం ఖాళీ తెర ముందు చాలాసేపు కూర్చుండిపోయాను. ఏడుపేమీ రాలేదు లెండి, నాకు అలాంటివి ఆగిపోయి చాలాకాలమైంది.

మా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, మా ఉద్దానంలో మనిషిని పరిచయం చేసుకోవడమంటే పేరు చెప్పుకోవడం కాదు. సోంపేటలో బస్సెక్కితే పక్కసీటావిడ ఎవులమ్మాయివని అడిగేది, నాన్న పేరు చెబితే ఏ ఊరని, ఊరు చెబితే ఏ వీధని, వీధి చెబితే అయితే ఫలానావారి మేనకోడలివా అని, ఇలా జీడితోటలూ కొబ్బరితోటలూ దాటుకుంటూ పలాస చేరేసరికి మా రెండు ఇళ్లకూ ఏదో ఒక చుట్టరికం తేలిపోయేది, ఆవిడ సంచిలోంచి అరటిపండు తీసి చేతిలో పెట్టేది, నేను దిగిపోయేదాన్ని, నా పేరేమిటో మాత్రం ఆవిడకు తెలిసేది కాదు. మా ఊళ్లో సగంమందికి నా పేరు తెలియదంటే ఇప్పటి పిల్లలు నవ్వుతారు. నాకెప్పుడూ అందులో చిన్నతనం తోచలేదు. నాన్న కూతుర్ని అనిపించుకోవడం ఎండావానా లాగా సహజంగా ఉండేది.

మా నాన్న టెక్కలిలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తా. ఆయన జీవితమంతా అర్జీల మధ్యనే గడిచింది. చెరువు గట్టు తెగిందనో, పట్టాలో పేరు తప్పు పడిందనో జనం అర్జీ రాయించుకుని వచ్చేవారు, అందులో ముందు తనెవరో, తండ్రి ఎవరో, ఏ ఊరి కాపురస్తుడో లేకుండా సరాసరి కష్టంలోకి దిగిపోతే నాన్న ఆ కాగితం తిరిగి చేతిలో పెట్టి మళ్లీ రాయించుకు రమ్మనేవారు. మనిషెవరో తెలియకుండా కష్టం ఎవరికి తీరుస్తాం అనేది ఆయన వాదన. ఆయన ఇంగ్లీషులో రాసిన అర్జీలకు ఆఫీసులో మంచి పేరు, పైఅధికారులు కూడా ముఖ్యమైన ఉత్తరాలు ఆయనచేతే రాయించేవారు, ఈ సంగతి ఆయన మాకు తరచుగా, అవసరం లేకపోయినా, చెబుతుండేవారు.

తొంభైల చివర నేను ఎంసీఏ ముగించి హైదరాబాదులో ఉద్యోగంలో చేరాను. కొన్నేళ్లు గడిచాయో లేదో నాన్న కాళ్లు వాచాయి. మావైపు కాళ్లు వాచాయంటే ఏ జబ్బో డాక్టరు చెప్పనక్కర్లేదు, కిడ్నీ జబ్బుతో మనిషిని పోగొట్టుకోని ఇల్లు మా ఊళ్లో వెతుక్కోవాలి. అప్పట్లో మాకు దగ్గర్లో డయాలసిస్ లేదు, వారానికి రెండుసార్లు పలాసలో రైలెక్కి విశాఖపట్నం వెళ్లిరావాలి, మనిషి తోడు లేకపోతే కుదరదు. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. ఇంట్లో ఉన్నది మేనత్త, ఆవిడకు మోకాళ్ల నొప్పులు. నేను ఉద్యోగం వదిలేసి పలాసను ఆనుకునే ఉన్న కాశీబుగ్గలో, నాన్న రిటైరయ్యాక మేం అద్దెకుంటున్న ఇంటికి వచ్చేశాను. చుట్టూ కొబ్బరితోటలున్న ఊరినుంచి వచ్చిన మనిషికి కొబ్బరినీళ్లు తాగకూడదన్నారు. నాన్న ఆ ఒక్క మాటకు మాత్రం కొంచెం నొచ్చుకున్నారు, మిగిలినవన్నీ తలూపి ఒప్పుకున్నారు.

అయితే ఆయనకు మొండితనం ఎక్కువ. చదువుకున్న పిల్ల తన పింఛను మీద బతుకుతూ తనని రైల్లో తిప్పుతూ కూర్చోవడం చూడలేనన్నారు. తోటల్లో జీడిపిక్కలు ఏరే కాలం వచ్చేలోగా నాకు తగిన పని దొరికితే సరి, లేకపోతే నన్ను తిరిగి హైదరాబాదు పొమ్మని, తను రైలెక్కడం మానేస్తానని తేల్చి చెప్పేశారు. మానేస్తే ఏమవుతుందో ముగ్గురికీ తెలుసు. మేనత్త కొంగుతో కళ్లు తుడుచుకుంటూ ఉప్పులేని కూర వండేది. నేను కాశీబుగ్గ బజారులో ఇంటర్నెట్ సెంటరుకి వెళ్లడం మొదలుపెట్టాను, ఎందుకంటే ఇంట్లో కూర్చుని పై దేశాలవాళ్లకు ప్రోగ్రాములు రాసిపెట్టే పద్ధతి ఒకటి వచ్చిందని, అలాంటివాళ్లు మన గురించి మనం రాసి పంపితే చూసి పనిస్తారని హైదరాబాదులో ఉన్నప్పుడు విన్నాను.

నా గురించి రాసి పంపాలన్న మాట చెవిన పడగానే నాన్న మంచం మీద లేచి కూర్చున్నారు. చాలారోజుల తర్వాత ఆయన ముఖంలో కళ కనిపించింది. కళ్లజోడు తుడుచుకుని, ఒళ్లో అట్ట పెట్టుకుని, ఒక పూటంతా కూర్చుని ఇంగ్లీషులో రాశారు. గౌరవనీయులైన అయ్యగారి దివ్యసముఖమునకు అన్న ధోరణిలో మొదలై, నేను ఫలానావారి ఏకైక కుమార్తెనని, తాతగారు ఫలానా ఊరి కరణమని, తండ్రి ప్రభుత్వ సేవలో మచ్చలేకుండా పనిచేసి ప్రస్తుతం మూత్రపిండాల వ్యాధితో బాధపడుతున్నారని, కనుక ఇంటివద్దనుండి చేయదగిన పనిని దయతో ఇప్పించవలెనని, ఈ మేలు ఎన్నటికీ మరువనని ఉంది. నాకు ఏ ప్రోగ్రాములు వచ్చునన్నది చివర సంతకానికి పైన ఒక వరుసలో ఇరికించారు. నేను ఆ సెంటరులో, బజారంతా జీడిపప్పు బట్టీల్లో ఏడాది పొడుగునా పిక్కలు కాల్చే పొగ వాసన కొడుతుంటే, చెక్క గదిలో తెర వేసుకుని, అక్షరం మార్చకుండా టైపు చేసి కనిపించినవాళ్లందరికీ పంపాను. అది తప్పని నాకప్పుడు తోచలేదు, మనమెవరమో చెప్పమన్నారు కదా, మావైపు ఎవరన్నా అదే చెబుతారు.

జవాబులు రాలేదు. ఒకరు మాత్రం మీ తండ్రిగారు త్వరగా కోలుకోవాలని కోరుకుంటున్నామని రాశారు, పని సంగతి ఎత్తలేదు. దాన్ని నాన్న రెండుసార్లు చదివించుకుని సంతోషించారు. విశాఖనుంచి వచ్చిన ప్రతిసారీ, ఎంత నీరసంగా ఉన్నా, నా అర్జీ ఏమైందమ్మా అని అడిగేవారు. తోటల్లో జీడిపూత రాలి పిందెలు కనిపించసాగాయి. నాకు భయం వేయాల్సింది, ఎందుకో వేయలేదు, రైలు, ఆసుపత్రి బల్ల, ఇంటర్నెట్ సెంటరు, ఈ మూడింటి మధ్యా నా లోపల ఏదో మొద్దుబారడం మొదలైంది.

బెంగళూరులో ఉద్యోగం చేసే మేనత్త కొడుకు, మా బావ, ఒక ఆదివారం ఫోన్ చేసినప్పుడు ఏం రాసి పంపుతున్నావని అడిగితే చదివి వినిపించాను. "నీ గురించి సెప్పమంటే మావ గురించి సెప్పావేటి," అన్నాడు అంతా విని, మెల్లిగానే. తర్వాత తనే చెప్పాడు, ఏం వచ్చో, ఏం చేశావో, రోజుకెంతసేపు చేయగలవో, ఎప్పుడు మొదలుపెడతావో, ఈ నాలుగు ముక్కలే రాయమన్నాడు. నేను సెంటరుకి వెళ్లి అదే మెయిలు తెరిచి ఒక్కో వరుసా తీసేయడం మొదలుపెట్టాను. ముందు ఊరు పోయింది, తాతగారు పోయారు. జబ్బు పోయింది. నాన్న పేరు దగ్గర కాసేపు ఆగాను, తర్వాత అదీ తీసేశాను. మిగిలింది అరచేతిలో పట్టేంత ఉంది. నాకు బాధ కలిగిందని ఇప్పుడు రాస్తే అందంగా ఉంటుంది గానీ, నిజానికి ఏమీ అనిపించలేదు.

దాన్ని పంపితే ఇంగ్లండులో పూలమొక్కల విత్తనాలు అమ్ముకునే ఒక పెద్దాయన జవాబిచ్చాడు. తన సరుకంతా ఇంటర్నెట్లో పెట్టి అమ్మే ఏర్పాటు కావాలన్నాడు, చేసిపెట్టాను, బాగుందని నెలనెలా పని ఇవ్వసాగాడు. ఏం రాస్తే దొరికిందని నాన్న అడిగితే, దాచకుండా కొత్తది కాగితం మీద అచ్చు తీయించి చూపించాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని, ఆ నాలుగు ముక్కలూ చదివి, వెనక ఇంకేమన్నా ఉందేమోనని కాగితం తిప్పి చూశారు. "ఇందులో నువ్వెవులో లేదమ్మా," అన్నారు. మళ్లీ ఆయనే, "పోన్లే, పనొచ్చింది. అదే కావాల," అని కాగితం నాకిచ్చేశారు. తోటల్లో పిక్కలు ఏరుతున్న రోజులు అవి. మర్నాడు మాట ప్రకారం రైలెక్కారు. అర్జీ గురించి ఇంకెప్పుడూ అడగలేదు.

ఆ తర్వాత కొన్నేళ్లు అలాగే నడిచాయి. రైల్లో నాన్న నా భుజం మీద తల పెట్టి నిద్రపోతే, ఆసుపత్రిలో ఆయన్ని లోపలికి తీసుకెళితే, పాత కాగితాల వెనక ప్రోగ్రాములు రాసుకునేదాన్ని, ఇంటికొచ్చాక, ఆ సంపాదనతో కొన్న కంప్యూటరులోకి ఎక్కించేదాన్ని. వారంలో రెండురోజులు నా జవాబులు ఆలస్యమయ్యేవి. విత్తనాలాయన ఒకసారి ఎందుకని అడిగితే మావైపు కరెంటు సరిగా ఉండదని రాశాను, అదీ అబద్ధం కాదు. ఆయన తోటల గురించి, కుక్క గురించి, పోయిన భార్య గురించి రాస్తూ ఉండేవాడు. నేను పని గురించి రాసేదాన్ని.

నాన్న ఒక వానాకాలం ఉదయం, మేనత్త కాఫీ కలిపి తెచ్చేలోగా వెళ్లిపోయారు. చేయవలసినవన్నీ చేశాం. కర్మలు జరిపించే పంతులుగారు గోత్రం, తండ్రి పేరు, తాత పేరు అడిగి పలికిస్తుంటే, ఇన్నాళ్లకు ఎవరో సరైన వరుసలో అడిగారని మాత్రం అనిపించింది. విత్తనాలాయనకు, తండ్రి పోయారు, కొన్నాళ్లు పని చేయలేనని రాశాను. జవాబు ఆ పూటే వచ్చింది. నీకు తండ్రి ఉన్నారని నాకు తెలియదు, నీకు ఎవరైనా ఉన్నారని నాకు తెలియదు, ఆ రెండురోజులూ నువ్వు వేరేవాళ్లకు పనిచేస్తున్నావనుకున్నాను అని రాశాడు.

నేను వెతికి నాన్న అర్జీని, ఇది మా నాన్న రాసిన నా పరిచయం అని ఒక్క వాక్యం పెట్టి ఆయనకు పంపాను. ఆయన కొన్నాళ్లకు జవాబిచ్చాడు. ఇంత శ్రద్ధగా ఒక తండ్రి రాసిన ఉత్తరం నేను చూడలేదు, మొదట ఇదే నాకు పంపి ఉంటే మాత్రం నీకు పని ఇచ్చేవాణ్ని కాను, అది నిజం, అందుకు సిగ్గుపడుతున్నాను అన్నాడు. మేనత్తకు తెలుగులో చెబితే ఆవిడ వెక్కివెక్కి ఏడ్చింది. నేను ఆవిడకు మంచినీళ్లిచ్చి, ఆగిపోయిన పని ఎంతవరకు వచ్చిందో చూడటానికి కంప్యూటరు ముందు కూర్చున్నాను.

ఇప్పుడు మావైపే డయాలసిస్ చేస్తున్నారు, ఎవరూ అంత దూరం రైలెక్కనక్కర్లేదు. ఇంటర్నెట్ సెంటరు ఉన్నచోట సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. ఉద్దానం పిల్లలు కొబ్బరితోట పక్కనే కూర్చుని ఏ దేశానికైనా పనిచేస్తున్నారు, వాళ్ల పరిచయాలన్నీ ఒక్క అచ్చులో పోసినట్టు నున్నగా ఉంటున్నాయి, వాళ్లకు బావ ఫోన్ చేసి చెప్పాల్సిన పని లేదు. కుటుంబం గురించి ఎవరినీ అడగకూడదని మా కంపెనీ నియమం కూడా ఉంది. ఆడపిల్లలకూ జబ్బుమనుషులున్న ఇళ్లకూ మేలు చేసే నియమం, దాన్ని నేను కాదనను.

నిన్న ఆ సోంపేట అమ్మాయికి ఉద్యోగం ఇస్తున్నామని మెయిలు రాశాను. అంతా ఇంగ్లీషే. చివర నాకు తెలియకుండానే తెలుగులో, లోపల దగ్గింది ఎవరమ్మా, నువ్వెవరమ్మాయివి అని రాసి ఉంది. కాసేపు దాన్నే చూశాను. తర్వాత ఒక్కో అక్షరం తీసేసి, మిగిలింది పంపించాను. నాన్న పేరు తీసేసిన వేళ్లే కదా ఇవి, వాటికి అలవాటే.